పాత బైకులు కొని అమ్మేవాళ్లకు: సమస్య - పరిష్కారం

ఉద్యోగమో, పొలమో చూసుకుంటూ నెలకు ఒకటో రెండో పాత బైకులు కొని, బాగుచేసి అమ్మేవాళ్లు శ్రీకాకుళం, విజయనగరం చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. వీళ్లకు నష్టం మెకానిక్ షాపులో వచ్చేది తక్కువ. కొన్న రోజే వచ్చేస్తుంది, కాకపోతే నెల పోయాక బయటపడుతుంది.

కాబట్టి లెక్క వెనకనుంచి వేయండి. మీ ఊళ్లో ఆ మోడలు, ఆ సంవత్సరం బండి రూ. 42,000కు పోతుందనుకుందాం. రిపేరుకు 4,500, పేరు మార్పిడికీ ఇన్సూరెన్సుకూ 2,500, కనిపించని ఖర్చుకు 2,000, మీ కష్టానికి 5,000 తీసేస్తే 28,000 మిగులుతుంది. ఆ పైన ఒక్క వెయ్యి పెట్టినా అది మీ జేబులోంచి పోయేదే. బేరంలో అవతలివాళ్లు ఎంత బతిమాలినా ఈ అంకె దాటకూడదు.

డబ్బిచ్చేశాం, ఆర్సీలో పేరు మారట్లేదు

పేరు మార్పిడికి ఇచ్చే ఫారం 29, 30 మీద సంతకాలున్నాయి. తాళాలు రెండూ ఉన్నాయి. దరఖాస్తు మాత్రం కదలదు.

అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణం ఫైనాన్స్. వాయిదాలన్నీ కట్టేసినా ఆర్సీలో ఫైనాన్స్ పేరు తీయించుకోవాలన్న సంగతి చాలామందికి తట్టదు. దానికి ఫైనాన్స్ కంపెనీ ఇచ్చిన అభ్యంతరం లేదన్న పత్రం, అంటే ఎన్‌ఓసీ, వాళ్ల సంతకం, ముద్ర ఉన్న ఫారం 35 కావాలి. అమ్మేవాళ్లు "అప్పు ఎప్పుడో తీరిపోయింది బాబూ" అంటే అది నిజమే కావచ్చు, కానీ ఆర్టీఓ ఆఫీసుకు కావాల్సింది కాగితం. అప్పిచ్చింది ఏ చిన్న ఫైనాన్సరో అయి, ఆయన ఇప్పుడు దుకాణం ఎత్తేసి ఉంటే ఆ బండి ఎంత చవకైనా వదిలేయండి. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఫైనాన్స్ ఉందా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా, ఫిట్‌నెస్ ఎప్పటిదాకా అన్నది అక్కడే నిలబడి చూసుకోవచ్చు. అడ్వాన్సు ఇచ్చే ముందు చేయాల్సిన పని ఇది.

రెండోది పేరు మార్పిడికి యజమాని ఫోన్‌కు వచ్చే ఓటీపీ. ఆర్సీకి, ఆధార్‌కు ఉన్న ఫోన్ నంబర్లు ఎప్పుడో మారిపోయి ఉంటాయి, లేదా యజమాని చెన్నైలోనో హైదరాబాద్‌లోనో పనికి వెళ్లి ఉంటాడు. బండిని తమ్ముడో బావమరిదో అమ్ముతుంటాడు. ఆర్సీలో ఉన్న మనిషితో నేరుగా ఫోన్లో మాట్లాడి, ఓటీపీ చెప్పడానికి ఒప్పించుకున్నాకే డబ్బివ్వండి. ఇవ్వాల్సిన దాంట్లో కొంత, కనీసం మూడు వేలు, పేరు మారాక ఇస్తామని కాగితం మీద రాసుకుంటే ఫోన్ ఎత్తకపోవడం అనే జబ్బు రాదు.

యజమాని చనిపోయి ఉంటే ఫారం 30 పనిచేయదు. ఫారం 31, మరణ ధ్రువీకరణ పత్రం, వారసుల కాగితాలతో ముందు వారసుల పేరుకు మారాలి, ఆ తర్వాతే మీకు. చనిపోయిన మనిషి పేరున ఉన్న ఫారాల మీద ఎవరో పెట్టిన సంతకంతో బండి కొనడమంటే ఫోర్జరీలో చేయి పెట్టడమే.

బండికి 15 ఏళ్లు దాటితే ముందు ఫారం 25తో రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. పెండింగ్ చలాన్లు వేరే తీర్చాలి. ఇవన్నీ అమ్మేవాళ్లకు ఇచ్చే ధరలోంచి తగ్గించుకోండి.

ఇక ఒడిశా బళ్లు. పర్లాకిమిడి నుంచి పాతపట్నం మీదుగా, రాయగడ నుంచి పార్వతీపురం మీదుగా ఓడీ నంబరు బళ్లు తక్కువ ధరకు వస్తుంటాయి. చవక ఎందుకంటే వాటికి అక్కడి ఆఫీసు ఇచ్చే ఫారం 28 ఎన్‌ఓసీ కావాలి, ఇక్కడ కొత్త నంబరు వేయించాలి, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఈ ట్యాక్స్ బండి వయసును బట్టి తగ్గుతుంది కానీ మాఫీ కాదు. హైదరాబాద్ నుంచి ఇంటికి తెచ్చుకున్న టీఎస్, టీజీ బళ్లకూ ఇదే లెక్క. వేరే రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే రిజిస్ట్రేషన్ మార్చుకోవాల్సిందే. చేతిలో ఎన్‌ఓసీ లేని ఒడిశా బండిని పార్టులకు కూడా కొనవద్దు. అది దొంగబండి కాదని మీరు ఎలా చూపిస్తారు?

మధ్యలో మన పేరు లేకుండా, ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని కొనేవాళ్లకు నేరుగా ఇచ్చేయడం ఇక్కడ మామూలు. పాత యజమానికి ఇది పెద్ద ప్రమాదం: ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత ఆర్సీలో పేరున్నవాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. చట్టం ప్రకారం అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆఫీసుకు తెలపాలి. ఇదే వ్యాపారంగా చేసేవాళ్లకు 2023 ఏప్రిల్ 1 నుంచి పాత వాహనాల డీలరుగా ఆథరైజేషన్ తీసుకునే పద్ధతి వచ్చింది. నెలకు మూడు నాలుగు బళ్లు తిప్పుతున్నారంటే ఆ దారే మేలు.

ఇంజను పొగ వదులుతోంది

ముందు ఒక చిన్న పరీక్ష. బండి చూడటానికి వెళ్లగానే మాటల్లో పడకుండా ఇంజను మీద చేయి పెట్టండి. వేడిగా ఉంటే మీరు వచ్చేముందే తిప్పి ఉంచారన్నమాట. చల్లారేదాకా ఆగండి, లేదంటే పొద్దున్నే మళ్లీ రండి. పొగ సంగతి చల్లటి ఇంజను చెప్పినంత నిజంగా ఇంకేదీ చెప్పదు.

స్టార్ట్ చేసిన వెంటనే కాస్త నీలంగా వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్లు గట్టిపడ్డాయి. హెడ్డు విప్పి సీళ్లు మారిస్తే చాలు, పెద్ద ఖర్చు కాదు. ఎక్సలేటర్ ఇచ్చిన ప్రతిసారీ, బండి వేడెక్కాక కూడా నీలం పొగ వస్తుంటే పిస్టన్ రింగులు, బోరు (పిస్టన్ ఆడే సిలిండరు లోపలి గోడ) అరిగాయి. అనుమానం తీరాలంటే ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలోంచి సిరంజితో 5 మి.లీ. ఇంజనాయిలు పోసి, నాలుగైదుసార్లు కిక్కు తిప్పి కంప్రెషన్ చూడండి. నూనె పోశాక బిగువు పెరిగితే రింగులే. పెరగకపోతే వాల్వుల దగ్గర లీకు. నల్ల పొగ అయితే భయపడక్కర్లేదు: ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయిందో, కార్బొరేటర్ పెట్రోలు ఎక్కువిస్తోందో చూడండి.

బోరు చేయించాల్సి వస్తే లేత్ షాపులో ముందు కొలిపించండి. 0.25 మి.మీ. పెద్ద సైజుకు సరిపోయే బోరుకు తొందరపడి 0.50 వేయిస్తే తర్వాతి మనిషికి మిగిలే అవకాశాలు తగ్గుతాయి. ఇప్పటికే 1.00 దాకా వెళ్లిన బ్లాకు అయితే కొత్త బ్లాకు కిట్టు ధర కలుపుకుని బేరం చేయండి. రింగులు మాత్రమే మార్చి అరిగిన బోరులో వేస్తే వెయ్యి కిలోమీటర్లలోపే పొగ మళ్లీ వస్తుంది, మీ ఇంటి ముందుకు కొన్న పార్టీ కూడా వస్తాడు. బోరు చేసిన బండి అమ్మితే మొదటి 500 కి.మీ. నెమ్మదిగా నడిపి ఆయిలు మార్చమని కొన్నవాళ్లకు చెప్పి ఇవ్వాలి. బోరు చేశామని దాచేవాళ్లే ఈ మాట చెప్పలేక ఇరుక్కుంటారు.

పొగ తగ్గడానికి చిక్కటి ఆయిలు పోసి అమ్మేవాళ్లూ ఉన్నారు. ఆయిలు మట్టం చూసే డిప్ స్టిక్కు తీసి, దాని మీది ఆయిలును రెండు వేళ్ల మధ్య రుద్దండి. జిగురుగా సాగితే ఆ బేరం వదిలేయడమే.

వేసిన పెయింటు రెండు నెలలకే పొంగింది

కళింగపట్నం, భావనపాడు, బారువ, ఇటు భోగాపురం, చింతపల్లి వైపు తిరిగిన బళ్లకు ఉప్పు గాలి కింది నుంచి తింటుంది. పైన ట్యాంకు అద్దంలా మెరుస్తుంది. కింద సెంటర్ స్టాండు బిగించే చోటు, స్వింగ్ ఆర్ము, వెనక మడ్‌గార్డు లోపలి వైపు, స్పోకులు రిమ్ములోకి దిగే చోటు, స్కూటర్లకు కాళ్లు పెట్టుకునే పలక కింద ఫ్రేము తుప్పుపడతాయి. చిన్న స్క్రూడ్రైవరు పిడితో తట్టి చూడండి. గణగణమంటే గట్టిదే, దబ్‌మని మూగగా పలికితే లోపల డొల్ల.

పొంగడానికి కారణం తుప్పు మీదే పెయింటు కొట్టడం. సరైన పద్ధతి ఇది: వైరు బ్రష్షుతో పొరలు రాలగొట్టి, 80 నంబరు ఎమెరీతో, తర్వాత 220తో రుద్ది, ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టరు పూసి డబ్బా మీద రాసినంతసేపు ఉంచండి. కడిగి, ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. అదే రోజు ప్రైమరు రెండు పూతలు, ఆ పైన పెయింటు. ఆరిన ఇనుమును రాత్రంతా వదిలేస్తే ఈ గాలికి తెల్లారేసరికి ఎర్రటి పొర మళ్లీ పడుతుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా పెయింటు పని పెట్టుకోకపోవడమే మంచిది.

తుప్పు రంధ్రమైతే మడ్‌గార్డుకు అతుకు వేయించుకోవచ్చు. ఫ్రేముకు, అందులోనూ హ్యాండిల్ మెడ దగ్గర, వెల్డింగు చేసిన బండి కొనవద్దు, అమ్మవద్దు. చాసిస్ నంబరు చాలా బైకులకు ఆ మెడ మీదే ఉంటుంది. అక్కడ పెయింటు కొత్తగా ఉన్నా, అంకెల చుట్టూ రుద్దిన గీతలు ఉన్నా తెల్ల కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసి ఆర్సీతో పోల్చండి. రంగు మారిస్తే ఆర్సీలోనూ మార్పించాలి. నల్లబండిని ఎర్రగా చేసి ఆకర్షించబోతే కాగితాల దగ్గర ఆగిపోతుంది.

లైట్లు, హారన్ ఒకరోజు పనిచేసి మరోరోజు పనిచేయవు

ఇలాంటి దానికి బల్బులు మార్చుకుంటూ కూర్చోకండి. వరద నీటిలో మునిగిన బండి కావచ్చు. 2019కి ముందు ఏపీ 30 అంటే శ్రీకాకుళం, ఏపీ 35 అంటే విజయనగరం అని నంబరు చెప్పేది. ఆ తర్వాత రాష్ట్రమంతా ఏపీ 39తో మొదలైన ఒకే సిరీస్ కావడంతో 2024 సెప్టెంబరులో విజయవాడ వరదలో మునిగిన బండికీ, ఆమదాలవలసలో షెడ్డులో ఉన్న బండికీ ప్లేటు మీద తేడా లేదు. ఏ ఆఫీసులో రిజిస్టరయ్యిందో ఆర్సీలో చూడండి. వంశధార, నాగావళి పొంగినప్పుడు మునిగినవీ ఉంటాయి.

గుర్తులు: హెడ్‌లైటు డూము లోపల బురద గీత, మీటరు అద్దం లోపల మంచు, కప్లర్లు (వైర్లను కలిపే ప్లగ్గులు) విప్పితే పచ్చటి చిలుము, డిప్ స్టిక్కు మీద పాలు ఎక్కువైన టీ రంగు. ఇంజనాయిల్లో నీళ్లుంటే స్టార్ట్ చేయకండి. ఆయిలు దించి, చవక ఆయిలు పోసి ఐదు నిమిషాలు తిప్పి మళ్లీ దించి, అదే పని ఇంకోసారి చేసి, అప్పుడు మంచి ఆయిలు పోయండి. కప్లర్లన్నీ కాంటాక్ట్ క్లీనర్‌తో కడగండి, ఎర్త్ వైరు బిగించే చోటు ఇనుము కనిపించేదాకా గీకండి. సగం "కరెంటు దయ్యాలు" ఆ ఒక్క నట్టు దగ్గరే పోతాయి. చక్రాల బేరింగులు మార్చేయండి. ఇవన్నీ పాత కార్బొరేటర్ బళ్లకు. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 బళ్లలో ఇంజనును నడిపే కంప్యూటరు (ఈసీయూ), సెన్సార్లు ఉంటాయి. మునిగిన బీఎస్-6 బండి ఎంత తక్కువకు వచ్చినా మనకు పనికిరాదు.

సెల్ఫ్ తిరగడం లేదు

కొత్త బ్యాటరీ వేసి అమ్మేస్తే పది రోజులకు మళ్లీ అదే గోల. బ్యాటరీకి వోల్టుమీటరు పెట్టి మూడు అంకెలు చూడండి. ఇంజను ఆపి ఉన్నప్పుడు 12.5 పైన ఉండాలి. సెల్ఫ్ నొక్కినప్పుడు 10 కంటే బాగా కిందికి పడితే బ్యాటరీ అయిపోయింది. ఇంజను కాస్త వేగంగా తిరుగుతున్నప్పుడు 13.5 నుంచి 14.5 రావాలి. రాకపోతే కరెంటు పుట్టించే కాయిలో, ఛార్జింగును అదుపు చేసే ఆర్ఆర్ యూనిట్టో (రెగ్యులేటర్ రెక్టిఫయర్). 15 దాటితే ఆర్ఆర్ యూనిట్ పోయింది, బల్బులు, కొత్త బ్యాటరీ రెండింటినీ అదే తింటుంది.

హ్యాండిల్ మధ్యలో పట్టేస్తోంది

సెంటర్ స్టాండు వేసి, ముందు చక్రం గాల్లో ఉంచి, హ్యాండిల్ నెమ్మదిగా ఇటూ అటూ తిప్పండి. సరిగ్గా మధ్యలో "టక్కు"మని ఆగితే కోన్ సెట్టు (హ్యాండిల్ తిరిగే బేరింగులు) గుంటలు పడింది. కిట్టు మార్చాలి, బిగిస్తే పోదు. హ్యాండిల్ వదిలేస్తే బండి ఒక పక్కకు లాగుతుంటే, మొదట ముందు, వెనక చక్రాలకు దారం కట్టి ఒకే వరసలో సూటిగా ఉన్నాయో చూడండి. ఫోర్కు వంగిందంటే బండి గట్టిగా పడింది. అప్పుడు ఫ్రేము మెడ మళ్లీ చూడాలి.

అమ్మకానికి నెల నిలబెట్టాక స్టార్ట్ కావట్లేదు

ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది తేమను లాగుతుంది, పాత రబ్బరు పైపులనూ మెత్తబరుస్తుంది. సగం ట్యాంకుతో వానాకాలం నిలబడితే అడుగున నీళ్లు చేరతాయి. కార్బొరేటర్ కింద డ్రెయిన్ స్క్రూ వదిలి, గ్లాసులో పట్టి చూడండి. అడుగున వేరుగా నిలిచింది నీళ్లే. ట్యాంకు దించి ఖాళీ చేసి, ఐడిల్ జెట్టు (పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రమున్న స్క్రూ) విప్పి కార్బ్ క్లీనరు కొట్టండి. జెట్టులోకి ఇనుప తీగ దూర్చకండి, రంధ్రం పెద్దదై మైలేజీ పోతుంది. ఇకముందు నిలబెట్టేటప్పుడు పెట్రోలు కాక్ మూసి, కార్బొరేటర్ ఖాళీ అయ్యేదాకా ఇంజను తిప్పండి.

అమ్ముడుపోవట్లేదు, లేదా అమ్మాక వెనక్కి వస్తోంది

మరీ మెరిపించిన బండిని పల్లెల్లో అనుమానంగా చూస్తారు. కడిగి, సీటు కవరు, గ్రిప్పులు, చైన్ సెట్టు, బ్రేకు షూలు మార్చి వదిలేయండి. మీటరు రీడింగ్ తక్కువ చూపి, బ్రేకు పెడలు రబ్బరు నున్నగా అరిగి ఉంటే కొనేవాళ్లు నవ్వుతారు. టైరు మీది నాలుగంకెల కోడు వాళ్లూ చదువుతారు: 1522 అంటే 2022లో 15వ వారం. సంక్రాంతికి వలస వెళ్లినవాళ్లు ఇంటికొస్తారు, కాబట్టి డిసెంబరు మధ్యకల్లా బండి, కాగితాలు రెండూ సిద్ధంగా ఉంచుకోండి.

మైలేజీ లేదని వెనక్కి తెస్తే ఇంజను ముట్టుకునే ముందు చక్రాలు చేత్తో తిప్పండి, బ్రేకు పట్టేస్తోందేమో. గాలి, ఎయిర్ ఫిల్టరు, క్లచ్చు స్లిప్పు ఆ తర్వాత.

అప్పగించే రోజు ఒక కాగితం రెండు ప్రతులు రాసుకోండి: తేదీ, సమయం, మీటరు రీడింగ్, మార్చిన పార్టులు, మార్చని లోపాలు, ఇద్దరి సంతకాలు, ఆధార్ జిరాక్సులు. సమయం రాయడం మరవద్దు. సాయంత్రం 5 గంటలకు ఇచ్చిన బండి మీద అదే రోజు మధ్యాహ్నం సమయంతో చలాను వస్తే, ఎవరు కట్టాలో చెప్పేది ఆ కాగితమే.