కక్ష్యలో కంప్యూటర్ మొరాయిస్తే ముందు జాలీ చూడండి

నెలల తరబడి మనుషులుండే వ్యోమనౌకలో ల్యాప్‌టాప్ ఆగిపోగానే అందరి నోటా ఒకటే మాట: రేడియేషన్. ఆ మాట అనేముందు గాలి ఆడుతోందో లేదో చూసే నాథుడు ఉండడు.

ఒక్కసారి ఆగింది, రీస్టార్ట్ చేస్తే మామూలైంది

ఆ క్షణాన నౌక ఎక్కడుందో చూడండి. దక్షిణ అట్లాంటిక్ మీదుగా పోతుంటే అనుమానం సబబే. అక్కడ వాన్ అలెన్ వలయం, అంటే భూమి అయస్కాంత క్షేత్రంలో చిక్కుకున్న ప్రోటాన్ల వంటి రేడియేషన్ కణాల పట్టీ, దాదాపు 200 కిలోమీటర్ల ఎత్తు దాకా దిగుతుంది. ఒక్క ప్రోటాన్ తగిలినా మెమరీలో సున్నా ఒకటైపోవచ్చు. రీస్టార్టే మందు. వదిలేయండి.

ఎక్కడున్నా ఆగుతోంది, ముట్టుకుంటే కాలుతోంది

ఇక్కడే నేను బోల్తాపడ్డాను. షిఫ్టంతా ప్రోటాన్ లెక్కలు తిరగేశాక పైనుంచి ఒక ఫొటో వచ్చింది. ఫ్యాన్ జాలీ మీద బూడిదరంగు దుప్పటి కప్పినట్టుంది: నూలుపోగులు, వెంట్రుకలు, చర్మపు పొట్టు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

భారరహిత స్థితిలో దుమ్ము నేలకు దిగదు, ఫ్యాన్ ఎటు లాగితే అటే పోతుంది. వేడిగాలీ పైకి లేవదు. అసలు పైన అంటూ ఉంటే కదా! జాలీ పూడితే వేడి పుట్టినచోటే కూర్చుంటుంది. మనిషి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌దీ అదే కథ: గాలి ఆడని మూల నిద్రపోతే ముఖం చుట్టూనే పేరుకుంటుంది. అందుకే కంప్యూటర్ గొడవతో పాటు ఎవరికైనా పొద్దున్నే తలనొప్పి అంటే రెండూ ఒకే రోగమని నా మొదటి అనుమానం.

"శనివారమే వాక్యూమ్ పట్టాం" అంటారు. కనిపించే జాలీలకు పట్టారు. సామాను సంచుల వెనకున్న వాటి మాటేమిటి? సంచులు జరిపి, వాక్యూమ్ పట్టి, సన్నటి కాగితపు ముక్క దగ్గర పెట్టండి. అది రెపరెపలాడకపోతే అడ్డు ఇంకా లోపల, గొట్టంలో ఉంది.

చల్లటి మూలలో ఉన్న పెట్టె ఉన్నట్టుండి చచ్చింది

తేమ. 2007 జూన్‌లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం రష్యా విభాగపు కంప్యూటర్లు కుప్పకూలినప్పుడు, అప్పుడే బిగించిన సౌరఫలకాల మీదికి అనుమానం పోయింది. తీరా చూస్తే కనెక్టర్‌లో చెమ్మ చేరి పిన్నులు తుప్పుపట్టాయి. కనెక్టర్ ఊడదీసి కళ్లతో చూడండి. తుప్పుంటే మార్చండి, ఆ మూలకు గాలి తిప్పండి.

ఉల్కాధూళి, అణు ఆక్సిజన్ (కక్ష్య ఎత్తులో తిరిగే విడి ఆక్సిజన్ పరమాణువులు) అంటూ వచ్చేవాళ్లుంటారు. అణు ఆక్సిజన్ బయటి పొరల్ని తింటుంది, లోపలి ల్యాప్‌టాప్ జోలికి రాదు. ఉల్క గోడను చీల్చుకుని లోపలికొస్తే మీకు ముందు మోగేది గాలి పీడనం అలారం.