గుడ్లు ఆగిపోయాయా? పగలు నీళ్ల గిన్నె, రాత్రి గూడు చూడండి

"కోళ్లు గుడ్లు మానేశాయి, ఏ మందు వేయాలి?" అని అడిగేవాళ్లని నేను ముందు నీళ్ల గిన్నె చూశారా అని అడుగుతాను. దాణాలో ఏం కలుపుతున్నారో, ఏ టానిక్ పోశారో వరసగా చెబుతారు. గిన్నె మాత్రం చూసి ఉండరు. గుడ్డు బరువులో దాదాపు మూడింట రెండు వంతులు నీళ్లే. ఎండాకాలంలో గిన్నె ఒక పూట ఖాళీగా పడి ఉన్నా ఆ దెబ్బ గుడ్ల మీద కనిపిస్తుంది. దయచేసి ముందు అది చూడండి.

నీళ్లు బాగానే ఉండి, కోళ్లు బయట తిరిగేవైతే, ఓ మూడు రోజులు మధ్యాహ్నం దాకా గూట్లోనే ఉంచండి. ఎక్కువ గుడ్లు పొద్దున పూటే పెడతాయి. గూట్లో గుడ్లు కనిపిస్తే ఇన్నాళ్లూ ఏ పొద కిందో పెట్టాయన్నమాట. ఈకలు రాలుతుంటే రెండు మూడు నెలలు ఓపిక పట్టడమే. పగటి వెలుగు 14 గంటల కంటే బాగా తగ్గే రోజుల్లో కూడా గుడ్లు తగ్గుతాయి. ఒక్క పెట్ట మాత్రమే గూట్లోంచి కదలకుండా, చెయ్యి పెడితే పొడుస్తుంటే, అది పొదగడానికి కూర్చుంది.

ఇవేవీ కాకుండా మందలో అన్నీ కలిసి తగ్గించాయా? అప్పుడు గూడునే అనుమానించండి.

ఇది తెలియక నేను ఒక ఎండాకాలమంతా పోగొట్టుకున్నాను. కోళ్ల జుట్టు పాలిపోయింది. కడుపులో పురుగుల మందు వేశాను, గుడ్డు పెంకు గట్టిపడటానికి దాణాలో కలిపే గుల్ల పొడి పెంచాను, దాణా మార్చాను. పగలు రెక్కలెత్తి చూస్తే ఒక్క పురుగూ లేదు. సాయంత్రమైతే వాటంతట అవే లోపలికెళ్లే కోళ్లు గుమ్మం దగ్గరే ఆగిపోయేవి, చెట్టెక్కేవి. మొండికేస్తున్నాయనుకుని రోజూ పట్టి లోపల వేశాను. పాపం, నేనే వాటిని పురుగులకు అప్పజెప్పాను.

అవి ఎర్ర నల్లులు. మంచంలో ఉండే నల్లులు కావు. ఒక్కోటి మిల్లీమీటరు కూడా ఉండదు. పగలంతా చెక్క పగుళ్లలో దాక్కుని, చీకటి పడ్డాక కోడి మీదికెక్కి రక్తం తాగి, మళ్లీ పగుళ్లలోకి వెళ్లిపోతాయి. ఆకలి మీద బూడిద రంగులో, తాగాక ఎర్రగా ఉంటాయి. అందుకే పగలు కోడిని ఎంత వెతికినా దొరకవు. చీకటి పడ్డాక రెండు గంటలాగి టార్చి పట్టుకెళ్లి, కోళ్లు పడుకునే కర్ర అడుగున తెల్లటి గుడ్డతో గట్టిగా తుడవండి. గుడ్డ మీద ఎర్రటి చారలు పడితే అవే. పగలైతే కర్ర చివర్లు చూడండి, బూడిద చల్లినట్టు తెల్లటి పొడి ఉంటుంది.

కోడికి పురుగుల మందు పొడి పూసి ఊరుకుంటే లాభం లేదు, పురుగుల కాపురం గూట్లో. కోళ్లని బయటికి తీసి, కర్రలు ఊడదీసి, పరిచిన గడ్డి కాల్చేయండి. పగుళ్లు గీకి, మరిగే నీళ్లు పోసి, బాగా ఆరాక పగుళ్లలోకి నూనె పట్టించండి. అందరూ ఇక్కడితో ఆపేస్తారు. వేడి రోజుల్లో గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి ఓ వారం చాలు. కాబట్టి ఐదారు రోజులకోసారి ఇదే పని, కనీసం మూడుసార్లు. గూడు ఖాళీగా వదిలేసినా లాభం లేదు, రక్తం లేకుండా నెలల తరబడి బతుకుతాయి. మందే కొట్టాలనుకుంటే పశువైద్యుణ్ని అడిగి కోళ్లకు పనికొచ్చేదే వాడండి, గుడ్లు ఎన్ని రోజులు తినకూడదో కూడా కనుక్కోండి. పైరుకి కొట్టే మందు గూట్లో కొట్టకండి.

కోడే గుడ్డు తినేయడం, పాములు ఎత్తుకుపోవడం వంటివి ఉంటాయి గానీ, పెంకు ముక్కలు గానీ, పాము జాడ గానీ కనిపిస్తే తప్ప వాటి గురించి ఆలోచించకండి. ముక్కు కారుతున్నా, గురక వినిపిస్తున్నా నేరుగా వైద్యుడి దగ్గరికే.

కర్రలు తిరిగి పెట్టేటప్పుడు మేకులు మాత్రం కొట్టకండి. చేత్తో ఎత్తితే వచ్చేలా ఉంచితేనే వచ్చే నెల వాటిని తీసి చివర్లు చూస్తారు.