పాత థార్‌కు సాలిడ్ ముందు ఇరుసు: వెల్డింగ్ రాడ్ పట్టుకునే ముందు

వరంగల్ ఆటోనగర్‌లో మా షెడ్డుకు వచ్చే పాత మహీంద్రా థార్‌లకు ఒకటే జబ్బు. 2010 నుంచి 2020 దాకా అమ్మిన ఆ సీఆర్‌డీఈ (కామన్ రెయిల్ డీజిల్) బండ్లలో ముందు చక్రాలు దేనికది విడిగా కదులుతాయి, బరువును టార్షన్ బార్లు (మెలిపడి స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీలు) మోస్తాయి. ఎత్తు కావాలని ఆ బార్ల బోల్టులు బిగిస్తారు. బండి లేస్తుంది. అయితే చక్రం గుంతలోకి దిగడానికి ఉన్న చోటును ఆ ఎత్తే మింగేస్తుంది. చక్రాలను తిప్పే షాఫ్టుల చివర వంగే సీవీ జాయింట్లు వంకర కోణంలో తిరిగి తిరిగి రబ్బరు బూట్లు చిరుగుతాయి. చిరిగిన బూటులోకి మన నల్లరేగడి బురద పోయిందంటే ఇక జాయింటు మీద ఆశ వదులుకోవడమే. అప్పుడు వచ్చి, ‘అన్నా, ఇదంతా పీకేసి జీపు ఇరుసు వేద్దాం’ అంటారు. రెండు ముందు చక్రాలనూ కలిపి పట్టే ఒకే సాలిడ్ ఇరుసు అన్నమాట.

వేయవచ్చు. కానీ ముందు ఒక మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు, తయారీదారు ఇచ్చిన రూపం మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది చట్టంలో సవరించిన 182ఏ సెక్షన్ కింద యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు పడవచ్చు. అందుకే పిల్లలను బడికి దించే బండికి ఈ పని నేను చేయను. సొంత పొలంలో, ప్రైవేటు ట్రాక్‌లో, పోటీల్లో తిరిగే బండి, అక్కడిదాకా లారీ మీద ఎక్కించి తీసుకుపోయే బండి అయితే రండి. ఏటూరునాగారం, పాకాల అభయారణ్యాల్లోకి దూరడానికి అయితే అసలు రావద్దు.

ఇరుసు కొనడంలోనే సగం పని ఉంది. థార్‌లోనే డీఐ రకానికి ముందు కమాన్ కట్టలు (ఉక్కు పట్టీల స్ప్రింగులు), సాలిడ్ ఇరుసు ఉండేవి. ఫోర్‌వీల్ డీఐ ఇరుసు దొరికితే అంతకన్నా మేలైనది లేదు. లేదంటే పాత ఎంఎం 540, 550 జీపులవి వెతకాలి. పాత ఇనుము కొట్లలో జాగ్రత్త. మన వైపు మనుషులను కుక్కి తిప్పిన జీపుల్లో చాలావాటికి ముందు ఉండేది ఉత్త ఇనుప దూలమే, చక్రాలకు శక్తిని పంచే గేర్ల గుండు, అంటే డిఫరెన్షియల్ ఉండదు. ‘జీపు ముందు ఇరుసు’ అని ఫోన్లో చెప్పగానే డబ్బు పంపకండి, వెళ్లి చూడండి.

చూసేటప్పుడు మూడు తేల్చుకోండి. ఒకటి, ట్రాన్స్‌ఫర్ కేస్ (శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే గేర్ల పెట్టె) నుంచి ముందు షాఫ్ట్ ఏ వైపున బయటికి వస్తుందో ఇరుసు డిఫరెన్షియల్ కూడా ఆ వైపే ఉండాలి. రెండు, హబ్ నుంచి హబ్‌కు వెడల్పు వెనక ఇరుసుకు దగ్గరగా ఉండాలి. చక్రం బోల్టుల వలయం కలవాలి, పాత జీపుల్లో అది ఐదు బోల్టులు, 139.7 మిల్లీమీటర్లు. మూడోది అన్నిటికన్నా ముఖ్యం, క్రౌన్ పినియన్ నిష్పత్తి, అంటే డిఫరెన్షియల్‌లోని పెద్ద గేరు, చిన్న గేరు పళ్ల లెక్క. క్రౌన్‌కు 43 పళ్లు, పినియన్‌కు 8 ఉంటే 5.375. 41కి 11 ఉంటే 3.73. ముందు ఒకటి, వెనక ఒకటి పెట్టి ఫోర్‌వీల్ వేస్తే గట్టి నేల మీద రెండు ఇరుసులూ ఒకదానితో ఒకటి పోట్లాడుతాయి. చివరికి ట్రాన్స్‌ఫర్ కేస్ పగులుతుంది. మూత విప్పకుండానే లెక్క తేల్చవచ్చు. ఒక చక్రాన్ని కదలకుండా పట్టి, రెండో చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. పినియన్ ఎన్ని చుట్లు తిరిగితే అదే నిష్పత్తి. బండి వెనక ఇరుసుకూ ఇలాగే చూడండి. అందులో ఒక చక్రం జారితే రెండిటినీ కలిపి పట్టే ఈటన్ లాకింగ్ ఉన్నా చేత్తో మెల్లగా తిప్పితే అది పట్టదు.

ఇక విప్పడం. ఛాసిస్‌ను ముందు తలుపుల కింద గట్టి స్టాండ్ల మీద నిలిపి, వెనక చక్రాలకు అడ్డం పెట్టండి. టార్షన్ బార్లలో నిల్వ ఉన్న బలం మామూలుది కాదు. సర్దుబాటు బోల్టులను మెల్లగా పూర్తిగా వదులు చేశాకే మిగతా పని. ఆ మెలిక ఉండగా కంట్రోల్ ఆర్మ్ బోల్టు కొడితే చెయ్యి పోతుంది. తర్వాత సీవీ షాఫ్టులు, ముందు డిఫరెన్షియల్, ఆర్మ్‌లు దించి, పాత బ్రాకెట్లను గ్రైండర్‌తో కోసి ఛాసిస్‌ను నున్నగా చేయండి. గ్యాస్ కటింగ్ వద్దు, ఆ వేడికి ఛాసిస్ ఉక్కు పాడవుతుంది, పక్కనే బ్రేకు గొట్టాలు కూడా ఉంటాయి. వెల్డింగ్ మొదలుపెట్టే ముందు బ్యాటరీ రెండు తీగలూ, ఇంజిన్ కంప్యూటర్ సాకెట్టూ పీకండి. ఎర్త్ క్లాంప్‌ను వెల్డ్ చేసే చోటికి జానెడు దూరంలోనే పెట్టండి. కరెంటు బేరింగుల గుండా పోతే వాటి మీద మచ్చలు పడతాయి, ఆరు నెలల తర్వాత అవి అరుస్తాయి.

ఇక్కడి నుంచి నా నియమం ఒక్కటే: బండి తన బరువుతో తన చక్రాల మీద నిలబడేదాకా ఏదీ పూర్తిగా వెల్డ్ చేయకూడదు. అప్పటిదాకా అన్నీ చుక్క వెల్డులే.

ఇరుసును వెనక ఇరుసుకు సమాంతరంగా నిలపడానికి మేస్త్రీల పనిముట్లే చాలు. ఛాసిస్ మీద రెండు వైపులా ఒకే రంధ్రం నుంచి తూకం గుండు వేలాడదీసి, నేల మీద సుద్దతో గుర్తు పెట్టి, మూలల నుంచి మూలలకు కొలవండి. రెండు కర్ణాలూ సమానం కావాలి. పెద్ద టైర్లు తమ వెనక ఉన్న బాడీకి తగలకుండా ఇరుసును రెండు మూడు సెంటీమీటర్లు ముందుకు జరపవచ్చు. అంతకు మించితే స్టీరింగ్ లెక్క తప్పుతుంది.

కమాన్ కట్టకు ముందు వైపు గట్టి బ్రాకెట్, వెనక వైపు షాకిల్ (కట్ట చివరను పట్టి ఊగే లింకు) పెట్టడం నాకిష్టం. గతుకు తగిలినప్పుడు కట్ట సాగి ఇరుసు వెనక్కి తప్పుకుంటుంది, స్టీరింగ్‌లో దెబ్బ తగ్గుతుంది. పాత జీపుల్లో షాకిల్ ముందు ఉండేది, అందులో ఇరుసు గతుకుకు ఎదురు వెళ్తుంది. అయితే నా పద్ధతిలో ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ స్లిప్ జాయింటుకు (షాఫ్ట్ పొడవు పెరిగి తగ్గేలా జారే జాయింటు) ఎక్కువ నడక కావాలి. ఇరుసు పూర్తిగా లేచినప్పుడు అది అడుగుకు తగలకూడదు, పూర్తిగా దిగినప్పుడు ఊడిపోకూడదు.

ఇది చూడటానికి కట్టలోని పట్టీలన్నీ తీసి, తల్లి పట్టీ ఒక్కటే వేసి బిగించండి. అప్పుడు జాకీతో ఇరుసును పైకీ కిందికీ సులువుగా ఆడించవచ్చు. డిఫరెన్షియల్ ఇంజిన్ ఆయిల్ సంప్‌కు ఎక్కడ తగులుతుందో, చక్రం పూర్తిగా తిప్పితే కట్టకు ఎక్కడ రాసుకుంటుందో అన్నీ బయటపడతాయి. విడిగా కదిలే సస్పెన్షన్ ఉన్న బండిలో సంప్ కింద ఇరుసు ఆడుతుందని ఎవరూ అనుకోలేదు కదా, చోటు తక్కువ. మామూలు ఎత్తు నుంచి పైకి కనీసం ఎనిమిది, పది సెంటీమీటర్ల ఆట మిగలాలి. సంప్‌కు తగలక ముందే ఆగేలా బంప్ స్టాప్ పెట్టండి. ఈ పరీక్ష చేయకుండా ‘అన్నా, తగలదులే’ అనేవాళ్లను నేను షెడ్డు బయట కూర్చోబెడతాను.

ఇప్పుడు కాస్టర్, అంటే ముందు చక్రం కుడిఎడమలకు తిరిగే కీలు (కింగ్‌పిన్) వాలు. కింగ్‌పిన్ పైభాగం నాలుగు నుంచి ఆరు డిగ్రీలు వెనక్కి వాలి ఉండాలి. తగ్గితే బండి రోడ్డంతా తిరుగుతుంది, మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను తిరిగి రాదు. చిక్కేమిటంటే పినియన్, కింగ్‌పిన్ రెండూ ఒకే ఇరుసు మీద ఉన్నాయి. కాస్టర్ పెంచడానికి ఇరుసును తిప్పితే పినియన్ ముక్కు కిందికి దిగుతుంది, ఎత్తు పెంచిన బండిలో షాఫ్ట్ కోణం ఇంకా చెడుతుంది. రెండూ రాజీ పడవు అనుకుంటే ఇరుసు చివరల వెల్డ్ కోసి నకిల్ (చక్రంతో పాటు తిరిగే భాగం) పట్టే భాగాలను విడిగా తిప్పి మళ్లీ వెల్డ్ చేయాలి. అది అందరూ చేసే పని కాదు. చక్రాన్ని షాఫ్ట్ నుంచి విడదీసే లాకింగ్ హబ్‌లు పెట్టి, టూవీల్‌లో ముందు షాఫ్ట్ తిరగకుండా చేస్తే షాఫ్ట్ కోణంలో కొంత సర్దుకుపోవచ్చు. కాస్టర్‌లో మాత్రం సర్దుకోవద్దు.

కట్ట కూర్చునే పీటలను ఇరుసు గొట్టం మీద చుక్క వెల్డ్‌తోనే ఉంచి, పట్టీలన్నీ తిరిగి వేసి, ఇంజిన్, బంపర్, విన్చ్, ఉన్న బరువంతా పెట్టి బండిని నేల మీదికి దించండి. ముందూ వెనకా తోసి కట్ట కుదురుకోనివ్వండి. అప్పుడు రసమట్టంతో, ఫోన్లోని కోణమాపకంతో రెండు వైపులా కొలవండి. తేడా ఉంటే చుక్క కోసి తిప్పండి. సరిపోయాకే పూర్తి వెల్డ్. అదీ ఏకబిగిన కాదు. రెండు అంగుళాలు ఇటు, రెండు అంగుళాలు అటు, చల్లారనిచ్చి మళ్లీ. ఒకే వైపు లాగిస్తే గొట్టం అరటికాయలా వంగుతుంది. ముందుగా ఆయిల్ సీళ్లు తీసేయండి. పీట పోత ఇనుము మీద పడేలా ఉంటే దానికి వేరే రాడ్, ముందస్తు వేడి కావాలి. తెలిసిన వెల్డర్‌కే ఇవ్వండి.

స్టీరింగ్‌లో రాజీ లేదు. ర్యాక్ పినియన్ సాలిడ్ ఇరుసుకు పనికిరాదు, స్టీరింగ్ బాక్స్ కావాలి. దాన్ని ఛాసిస్ రేకుకు ఊరికే బిగిస్తే కొన్నాళ్లకు రేకు పగులుతుంది. లోపల బోల్టు పట్టే గొట్టాలను అడ్డంగా దూర్చి వెల్డ్ చేసి, పైన 6 మిల్లీమీటర్ల ప్లేటు వేయాలి. బాక్స్ నుంచి నకిల్‌కు పోయే రాడ్, అంటే డ్రాగ్ లింక్ ఎంత పొడవుగా, ఎంత చదునుగా ఉంటే అంత మంచిది. కుడివైపు బాక్స్ నుంచి ఎడమ నకిల్‌కు పోతే రెండూ దొరుకుతాయి. నిటారుగా వంగి ఉంటే ప్రతి గతుకుకూ స్టీరింగ్ చేతిలో మెలిపడుతుంది. దానికి మందుగా పిట్‌మన్ ఆర్మ్‌ను (బాక్స్ నుంచి రాడ్‌ను ఆడించే చెయ్యి) కిందికి పొడిగించకండి, నకిల్ మీద ఆర్మ్‌ను పైకి తీసుకురండి. రాడ్లను కోసి అతికించి వెల్డ్ చేయడం మా షెడ్డులో నిషేధం. పొడవు సరిపోకపోతే చివరల్లో మర కోసిన మందపాటి గొట్టంతో కొత్తది చేయించండి. బాక్స్ లోపలి చివర అందక ముందే నకిల్ స్టాపు తగలాలి.

బ్రేకు గొట్టాలు పాతవి పొట్టివి అవుతాయి. ఇరుసు పూర్తిగా దిగి, చక్రం పూర్తిగా తిరిగినప్పుడు కూడా లాగుడు లేకుండా ఉండాలి. యూ బోల్టులు కొత్తవే. కట్ట బుష్ బోల్టులను గాలిలో బిగించకండి, బరువు పడ్డాక బిగించండి. టో 2, 3 మిల్లీమీటర్లు లోపలికి, అంటే రెండు ముందు చక్రాల మధ్య దూరం వెనక అంచుల కన్నా ముందు అంచుల దగ్గర అంత తక్కువ ఉండాలి.

మొదటి సవారీ పొలంలో, మెల్లగా. వేగం పెరిగాక ముందు భాగం ఊగిపోతే స్టీరింగ్ డ్యాంపర్ కొనడానికి పరుగెత్తకండి, అది జబ్బును కప్పుతుంది. టై రాడ్ చివరలు, కింగ్‌పిన్ బేరింగుల బిగువు, టైర్ల బ్యాలెన్స్, కాస్టర్ ఈ వరుసలో చూడండి. వంద కిలోమీటర్లకు యూ బోల్టులు మళ్లీ బిగించండి. వాగులు దాటే బండి అయితే ఇరుసు బ్రీదర్‌కు (గాలి ఆడే రంధ్రం) గొట్టం తగిలించి బానెట్ కిందిదాకా తీసుకెళ్లండి. వేడెక్కిన ఇరుసు చల్లని నీళ్లలో దిగగానే నీటిని లోపలికి పీల్చుకుంటుంది. వాగు దాటిన మర్నాడు డిఫరెన్షియల్ నూనె పాలలా తెల్లబడి కనిపిస్తే, సీళ్లు విప్పే ముందు ఆ గొట్టం ఎక్కడ ఊడిందో చూడండి.