మోకాలి మార్పిడి తర్వాత కరెంటు పెట్టించుకుంటే సరిపోదు

మోకాలి మార్పిడి ఆపరేషన్ అయి డిశ్చార్జి కాగానే హైదరాబాద్‌లో చాలామంది ఫిజియోథెరపిస్టును (ఫిజియోను) ఇంటికే పిలిపించుకుంటున్నారు. మంచిదే. కానీ పావుగంట మిషన్‌తో కాలికి సన్నగా కరెంటు పెట్టి వెళ్లిపోతే మాత్రం ఒప్పుకోవద్దు. కరెంటు నొప్పిని కాస్త తగ్గిస్తుంది, అంతే. బిగుసుకున్న కీలును వదులు చేయాల్సింది చేతులే.

కోత మానేటప్పుడు లోపల పుట్టే మచ్చ కణజాలం, కదలిక లేకపోతే చిప్ప చుట్టూ అతుక్కుంటుంది. చిప్ప కిందికి జారితేనే మోకాలు వంగుతుంది, పైకి జారితేనే కాలు పూర్తిగా చాపగలరు. అందుకే మొదటి పని చిప్పను జరపడం. ఎప్పుడు మొదలుపెట్టాలో సర్జన్‌ను అడగండి. డాక్టర్ రాసిన నొప్పి మాత్ర అరగంట ముందు వేసుకోవాలి. కాలు చాపి తొడను పూర్తిగా వదిలేయాలి. తొడ బిగించి ఉంటే చిప్ప ఇసుమంత కూడా కదలదు. బొటనవేళ్లు చిప్ప పై అంచున ఆనించి, పాదం వైపు మెల్లగా నెట్టి 5 సెకన్లు ఆపాలి. తర్వాత పైకి, పక్కలకు. ఒక్కో వైపు 10 సార్లు. లోపలికి అదమకూడదు. ఇంట్లోవాళ్లు ఫిజియో ఎదుటే ఒకసారి చేసి, సరిచేయించుకోవాలి.

మోకాలి కింద దిండు పెట్టకండి. హాయిగానే ఉంటుంది, కానీ కాలు ఆ వంపులోనే ఉండిపోతుంది. తువ్వాలు చుట్టి మడమ కింద పెట్టండి, 10 నిమిషాలు, రోజుకు 3 సార్లు.

వంపును వారం వారం గోనియోమీటర్‌తో (కీలు ఎన్ని డిగ్రీలు వంగిందో కొలిచే స్కేలు) కొలిచి రాయించండి. "బాగానే వంగుతోందమ్మా" అన్న మాట లెక్కలోకి రాదు. రెండు వారాలకు 90 డిగ్రీల దగ్గరికి రావాలి. ఆరు వారాలైనా 90 దాటకపోతే సర్జన్‌కు చూపించండి. మత్తిచ్చి వంచాల్సి రావచ్చు. అలాగని బలవంతంగా వంచించుకోవద్దు. మర్నాటికీ వాపు పెరిగే ఉందంటే బలం ఎక్కువైనట్టే.

కుట్లు తీసి, పెచ్చులన్నీ రాలాకే మచ్చ మీద చెయ్యి పెట్టాలి. కొబ్బరినూనె రెండు చుక్కలు చాలు. నూనె ఎక్కువైతే వేళ్లు జారిపోతాయి; చర్మం వేలితోపాటు కదలాలి. కోతకు బయటివైపు చర్మం చాలామందికి మొద్దుబారి ఉంటుంది, అక్కడ వేడి కాపడం పెడితే కాలినా తెలియదు.

నువ్వులనూనెతో పిక్కలు పిసకడం అస్సలు వద్దు. పిక్క వాచి, నొప్పిగా, వెచ్చగా ఉంటే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు; అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీనొప్పి వస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి.