చెట్టు తల ఎంత ఎండను పడుతోందో కొలవడం ఎలా?

నల్లమలలో టేకు కింద నిలబడి పైకి చూస్తే తల (కొమ్మలూ ఆకులూ ఉన్న పై భాగం) వెడల్పే కనిపిస్తుంది, పై నుంచి కిందికి దాని లోతు తెలియదు. ఎండను పట్టడంలో రెండిటికీ పని ఉంది. 30 మీటర్ల టేపు, ఒక కర్ర, వెలుతురును కొలిచే లక్స్ మీటర్ యాప్ ఉన్న ఫోను చాలు. పులుల అభయారణ్యంలోకైతే అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. టేకు వేసవికి ఆకు రాల్చేస్తుంది కాబట్టి ఆగస్టు, అక్టోబరు నెలల మధ్య తెరిపి ఉన్న రోజు చూసుకోండి.

1. వెడల్పు: కొమ్మ చివర సరిగ్గా నెత్తిమీదకొచ్చే చోట నేలమీద గుర్తు పెట్టండి. అన్నిటికన్నా పొడవైన కొలత ఒకటి, దానికి అడ్డంగా ఇంకొకటి తీయండి. 8, 6 మీటర్లొస్తే 0.785 × 8 × 6, అంటే సుమారు 38 చదరపు మీటర్లు. మొదలు నుంచి ఒక వైపే కొలిచి రెట్టింపు చేయొద్దు. అడవి అంచు చెట్లు వెలుతురు వైపుకే సాగుతాయి.

2. లోతు: చెయ్యి చాచి కర్రను నిలువుగా పట్టండి. కంటికీ పిడికిలికీ ఎంత దూరముందో, పిడికిలి పైన కర్ర అంతే ఉండాలి. పిడికిలి చెట్టు మొదలుకీ, కర్ర కొన చెట్టు చివరకీ ఆనేదాకా వెనక్కి నడవండి. నేల చదునైతే అక్కడి నుంచి చెట్టుకున్న దూరమే ఎత్తు. అట్టడుగు పచ్చికొమ్మ ఎత్తూ ఇలాగే. చెట్టు ఎత్తు 18, ఆ కొమ్మ ఎత్తు 11 మీటర్లొస్తే, 18లోంచి 11 తీసేస్తే తల లోతు 7 మీటర్లు. మానుమీద పుట్టిన చిన్న పిలకలను లెక్కలోకి తీసుకోకండి.

3. వెలుతురు: నేరుగా పడే ఎండలో చాలా ఫోన్ల సెన్సర్ గరిష్ఠ అంకె దగ్గరే ఆగిపోతుంది. పల్చటి తెల్ల కాగితం కప్పండి, బయటా నీడలోనూ అదే కాగితం. తల కింద 20 చోట్ల చూడండి. ఎండపొడ పడిన చోటుని వదిలేయొద్దు, సగటు తప్పుతుంది. పది నిమిషాల్లోపు బయలులో కొలిచి, తల కింది సగటును ఆ అంకెతో భాగించండి. బయట 100కి లోపల 10 వస్తే తల నూటికి తొంభై వంతులు ఆపేసినట్టు.

ఎక్కువమంది బోల్తాపడేది వేళ దగ్గర. శ్రీశైలం దాదాపు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం. ఆగస్టు 8 ప్రాంతంలో మధ్యాహ్నం 12:20కి సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, తల నీడ తల కిందే పడుతుంది. అక్టోబరు నడుమకి వాలిపోతాడు. పైన లెక్కవేసిన 18 మీటర్ల చెట్టు తల నీడ మిట్టమధ్యాహ్నమే ఉత్తరానికి 5 నుంచి 8 మీటర్లు జరుగుతుంది. అప్పుడు మొదలు దగ్గర కొలిస్తే దక్షిణాన ఉన్న పక్కచెట్టు లెక్క వస్తుంది. అక్టోబరులో కొలిచేవాళ్లు ఫోనునూ ఆ మేరకు ఉత్తరానికి జరపాలి.