మన కంప్యూటర్లోనే వెబ్ సర్వర్ – 3వ పాఠం: అపాచీ స్టార్ట్ కాకపోతే

కిందటి పాఠంలో విండోస్ మీద జాంప్ (అపాచీ అనే వెబ్ సర్వరు, మైసీక్వెల్ అనే డేటాబేసు కలిసి వచ్చే ప్యాకేజీ) ఇన్‌స్టాల్ చేసి, సి డ్రైవులోని జాంప్ ఫోల్డరులో, హెచ్‌టీడాక్స్ లోపల ఒక ఇండెక్స్ ఫైలు పెట్టాం. జాంప్ కంట్రోల్ ప్యానెల్లో అపాచీ ఎదురుగా స్టార్ట్ నొక్కితే ఆ పేరు పచ్చబడాలి, పక్కన 80, 443 అని పోర్టు నంబర్లు రావాలి (పోర్టు అంటే ఒక ప్రోగ్రాం నెట్‌వర్క్ మాటలు వినే తలుపు లాంటిది). చాలామందికి ఇక్కడే బండి ఆగుతుంది. పేరు కాస్సేపు రంగు మారి మళ్లీ మామూలైపోతుంది, కింద ఎర్ర అక్షరాల్లో ‘అపాచీ షట్‌డౌన్ అనెక్స్‌పెక్టెడ్లీ’ అని పడుతుంది.

ఆ సందేశాన్ని పూర్తిగా చదివినా పెద్దగా లాభం లేదు. పోర్టు దొరకలేదేమో, అవసరమైన ఫైలు లేదేమో, అనుమతి లేదేమో, క్రాష్ అయ్యిందేమో, ఇంకెవరైనా ఆపేశారేమో అని అయిదు అనుమానాలు ఒకేసారి మన ముందు పోసి ఊరుకుంటుంది. దాన్ని చూసి జాంప్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి. కారణం బయటే ఉంటే పదిసార్లు ఇన్‌స్టాల్ చేసినా అదే సందేశం వస్తుంది. అసలు సంగతి అపాచీ నోటితోనే చెప్పించాలి.

(ఆదేశాలను ఇక్కడ పలికినట్టు తెలుగులో రాస్తున్నాం. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలే వాడండి.)

కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. జాంప్ ఫోల్డరులో అపాచీ, దానిలో బిన్ ఫోల్డరు ఉంటుంది. ఫోల్డరు మార్చే సీడీ ఆదేశంతో అక్కడికి వెళ్లి ముందు ‘హెచ్‌టీటీపీడీ’ అని, ఖాళీ ఇచ్చి, ‘-టి’ అని కొట్టండి. ఇది సర్వరును నడపదు, సెట్టింగుల ఫైళ్లను మాత్రం చదివి చూస్తుంది. ‘సింటాక్స్ ఓకే’ అంటే అక్కడ లోపం లేదు. లోపం ఉంటే ఫైలు పేరు, లైను నంబరుతో సహా చెబుతుంది. ఎక్కువగా దొరికేవి రెండు: అక్షరం తప్పి రాసిన ఆదేశం, డాక్యుమెంట్‌రూట్ (మన పేజీలు ఏ ఫోల్డరులో ఉన్నాయో చెప్పే వరుస) దగ్గర అసలు లేని ఫోల్డరు పేరు. ఈ రెండోది ప్రాజెక్టు ఫోల్డరును వేరే చోటికి మార్చి, సెట్టింగులో మార్చడం మరిచిపోయినప్పుడు వస్తుంది.

సింటాక్స్ బాగుంటే ఈసారి ‘-టి’ లేకుండా ‘హెచ్‌టీటీపీడీ’ అని మాత్రమే కొట్టండి. కర్సరు కిందికి దిగి అలాగే మెరుస్తూ ఉంటే సర్వరు నడుస్తున్నట్టే. కంట్రోల్, సి నొక్కి ఆపండి. అలా కాకుండా ‘కుడ్ నాట్ బైండ్’ అని వస్తే ఆ వరుసలో ఓఎస్ అనే మాట పక్కనున్న నంబరు చూడండి. 10048 అయితే ఆ పోర్టును ఇంకో ప్రోగ్రాం వాడుకుంటోంది. 10013 అయితే పోర్టు తీసుకోవడానికి విండోస్ ఒప్పుకోవడం లేదు. వేరే ప్రోగ్రాం దాన్ని ఎవరితోనూ పంచుకోకుండా పట్టుకున్నా, విండోసే ఆ నంబరును పక్కన పెట్టుకున్నా ఇదే వస్తుంది. ఎర్రర్ లాగ్‌లో వెతికినవాళ్లకు ఇది చాలాసార్లు కనిపించదు. అందుకే చేత్తో నడిపి చూడమంటున్నాం.

ఇప్పుడు పోర్టు ఎవరి దగ్గరుందో పట్టుకుందాం. ‘నెట్‌స్టాట్ -ఎఎన్ఓ’ అని కొట్టి, నిలువు గీత పెట్టి, ‘ఫైండ్‌స్ట్ర్ :80’ చేర్చండి. చాలా వరుసలు వస్తాయి, ఎందుకంటే 8080, 8000 కూడా :80 తోనే మొదలవుతాయి. మనకు కావాల్సినది రెండో గడిలో చివర కచ్చితంగా :80 ఉండి, ‘లిజనింగ్’ అని ఉన్న వరుస. ఇలా ఉంటుంది:

టీసీపీ  0.0.0.0:80  0.0.0.0:0  లిజనింగ్  4

చివరి నంబరు ఆ ప్రోగ్రాం పీఐడీ, అంటే నడుస్తున్న ప్రోగ్రాంకు విండోస్ ఇచ్చే గుర్తింపు నంబరు. టాస్క్ మేనేజర్లో డీటెయిల్స్ ట్యాబు తెరిచి పీఐడీ గడిలో అదే నంబరు వెతికితే పేరు తెలుస్తుంది. మామూలు ప్రోగ్రాం అయితే మూసేస్తే సరిపోతుంది.

పై వరుసలోలాగా 4 వస్తే మాత్రం టాస్క్ మేనేజరు ‘సిస్టం’ అని మాత్రమే చూపిస్తుంది. కంగారుపడి దాన్ని ఆపబోకండి. అది విండోస్ కెర్నల్, అంటే విండోస్ గుండెకాయ. దానిలోని హెచ్‌టీటీపీ డ్రైవరు ఇంకో సర్వీసు (తెర వెనక నడిచే ప్రోగ్రాం) తరఫున పోర్టు పట్టుకుని కూర్చుంది. ఆ సర్వీసు ఏదో తెలియాలంటే ‘నెట్ స్టాప్ హెచ్‌టీటీపీ’ అని కొట్టండి. దాని మీద ఆధారపడ్డ సర్వీసుల పేర్లు చూపించి, ఆపమంటారా అని అడుగుతుంది. పేర్లు రాసుకుని ‘ఎన్’ నొక్కండి. వాటిలో ‘వరల్డ్ వైడ్ వెబ్ పబ్లిషింగ్ సర్వీస్’ ఉంటే అది మైక్రోసాఫ్ట్ సొంత వెబ్ సర్వరు ఐఐఎస్. సర్వీసెస్ కిటికీలో దాన్ని ఆపి, స్టార్టప్ టైప్‌ను మాన్యువల్ చేయండి. లేకపోతే కంప్యూటర్ మళ్లీ ఆన్ చేయగానే అదే గొడవ మొదటికి వస్తుంది.

ఆ సర్వీసు మీకు అవసరమైతే అపాచీనే పక్కకు జరపాలి. అపాచీ వరుసలోని కాన్ఫిగ్ బటన్ నొక్కి హెచ్‌టీటీపీడీ కాన్ఫ్ ఫైలు తెరిచి, ‘లిజన్ 80’ను ‘లిజన్ 8081’ చేయండి. ‘సర్వర్‌నేమ్’ వరుసలో లోకల్‌హోస్ట్ తర్వాత ఉన్న 80నూ అలాగే మార్చండి. అందరూ 8080 పెట్టమంటారు గానీ, జాంప్‌తో వచ్చే టాంక్యాట్ అనే ఇంకో సర్వరు వాడేది అదే నంబరు. రెండూ నడిపేవాళ్లు మళ్లీ ఇదే గుంతలో పడతారు. గొడవ 443 దగ్గర ఉంటే ఎస్ఎస్ఎల్ కాన్ఫ్ ఫైల్లో ‘లిజన్ 443’ను, దాని కింద వర్చువల్‌హోస్ట్ వరుసలో ఉన్న 443ను కలిపి మార్చాలి. లిజన్ ఒక్కటే మార్చి రెండోది వదిలితే అపాచీ స్టార్ట్ అవుతుంది గానీ హెచ్‌టీటీపీఎస్ పేజీలు రావు. చివరగా కంట్రోల్ ప్యానెల్లో కుడి పైనున్న కాన్ఫిగ్‌లోకి వెళ్లి సర్వీస్ అండ్ పోర్ట్ సెట్టింగ్స్‌లోనూ కొత్త నంబర్లు రాయండి. ఇది అపాచీకి కాదు, ప్యానెల్‌కు తెలియడానికి. ఇక బ్రౌజరులో లోకల్‌హోస్ట్:8081 అని నంబరుతో సహా కొట్టాలి.

మైసీక్వెల్ కూడా ఇలాగే మొరాయిస్తే ముందు పోర్టు 3306 చూడండి. విడిగా ఇన్‌స్టాల్ చేసిన ఇంకో మైసీక్వెల్ సర్వీసుగా నడుస్తూ ఉండొచ్చు. పోర్టు ఖాళీగా ఉన్నా స్టార్ట్ కాకపోతే చాలాసార్లు డేటా ఫైళ్లు చెడిపోయి ఉంటాయి. మైసీక్వెల్‌ను స్టాప్ చేయకుండా కంప్యూటర్ ఆఫ్ చేయడం దీనికి ముఖ్య కారణం. ఇక్కడ ‘ఐబీడేటా1 ఫైలు తీసేయండి, స్టార్ట్ అవుతుంది’ అనే చిట్కా బాగా తిరుగుతుంటుంది. స్టార్ట్ అవడం నిజమే, మీ టేబుళ్లు పోవడమూ నిజమే! ఇన్నోడీబీ (మైసీక్వెల్ టేబుళ్లను దాచుకునే పద్ధతి) టేబుళ్ల వివరాలు ఆ ఫైల్లోనే ఉంటాయి.

దానికి బదులు ఇలా చేయండి. మైసీక్వెల్ ఫోల్డరులోని ‘డేటా’ ఫోల్డరు పేరును ‘డేటా పాతది’ అన్న అర్థంలో ఇంగ్లీషులో ఏదో ఒకటి చేయండి. పక్కనే ఉన్న ‘బ్యాకప్’ ఫోల్డరును కాపీ చేసి, కాపీకి ‘డేటా’ అని పేరు పెట్టండి. పాత దానిలోంచి మీరు సృష్టించిన డేటాబేసుల ఫోల్డర్లు, వాటితోపాటు ఐబీడేటా1 ఫైలు కొత్త దానిలోకి తెచ్చుకోండి. మైసీక్వెల్, పర్ఫార్మెన్స్ స్కీమా, పీహెచ్‌పీమైఅడ్మిన్ అనే ఫోల్డర్లను మాత్రం ముట్టుకోకండి. టేబుళ్లన్నీ తెరుచుకున్నాయని చూసుకునేదాకా పాత ఫోల్డరును ఉంచండి.

అభ్యాసం: అపాచీ నడుస్తుండగానే కమాండ్ ప్రాంప్ట్‌లో ‘హెచ్‌టీటీపీడీ’ అని రెండోసారి కొట్టండి. వచ్చే ఓఎస్ నంబరు ఎంతో, నెట్‌స్టాట్ చూపే పీఐడీ ఎవరిదో రాసుకోండి. నాలుగో పాఠంలో వర్చువల్ హోస్టులు పెట్టి ఒక్కో ప్రాజెక్టుకు ఒక్కో పేరు ఇద్దాం.