ప్రశ్నావళి రాయడం నేర్చుకుందాం – 4: తనవాళ్ల మీద తనకే ఉన్న చిన్నచూపును కొలిచేదెలా?

ఒప్పుకుంటాను, ఒప్పుకోను అంటూ ఐదు మెట్లలో జవాబులు పెట్టడం పోయిన పాఠంలో చూశాం. ఈసారి సున్నితమైన విషయం. అమెరికాలో నల్లజాతివారి గురించి తరతరాలుగా ప్రచారంలో ఉన్న చెడ్డమాటల్ని ఆ జాతిలోనే కొందరు తమకు తెలియకుండా నమ్మేస్తారు. అంతర్గత జాత్యహంకారం అనేది దీన్నే. దీన్ని కొలవాలంటే ఏమడగాలి?

ముందు పాత పరీక్ష ఒకటి చూద్దాం. మనస్తత్వ శాస్త్రవేత్తలైన కెన్నెత్ క్లార్క్, మామీ క్లార్క్ దంపతులు 253 మంది నల్లజాతి పిల్లలకు నాలుగు బొమ్మలు చూపించారు. రెండు గోధుమరంగువి, రెండు తెల్లవి. రంగు, జుట్టు తప్ప వేరే తేడా లేదు. ఆడుకోవడానికి నచ్చిన బొమ్మ ఇవ్వమంటే మూడింట రెండొంతుల మంది తెల్లబొమ్మే ఇచ్చారు. చెడ్డగా కనిపించేది ఏదంటే 59 శాతం గోధుమరంగు బొమ్మను చూపించారు. చివర్లో "నీలా ఉన్న బొమ్మ ఇవ్వు" అనేసరికి కొందరు ఏడ్చేశారు, కొందరు గదిలోంచి పారిపోయారు. బడుల్లో జాతి వేర్పాటు చెల్లదన్న 1954 నాటి అమెరికా సుప్రీంకోర్టు తీర్పు అడుగు గమనికలో క్లార్క్ పరిశోధనను ఉదహరించారు. ఆ తీర్పు రావాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు.

కానీ కొలత నేర్చుకునేవాళ్లు ఒక అంకె దగ్గర ఆగాలి. గోధుమరంగు బొమ్మ చెడ్డదన్నవాళ్లు అమెరికా దక్షిణాదిలో, నల్లపిల్లల బడుల్లో 49 శాతం. ఉత్తరాదిలో, తెల్లపిల్లలతో కలిసి చదివేచోట 71 శాతం. అంటే వేర్పాటు ఒక్కటే కారణమని ఈ పరీక్షతో తేల్చలేం. పైగా తెల్లబొమ్మ ఎంచుకున్న పిల్లవాడు తనను తాను అసహ్యించుకుంటున్నాడా, లోకం దేన్ని మెచ్చుకుంటుందో గ్రహించాడా? మనస్తత్వ శాస్త్రవేత్త విలియం క్రాస్ ఎత్తిచూపింది ఈ తేడానే: తన మీద తనకున్న గౌరవం వేరు, తన జాతి మీద అభిప్రాయం వేరు.

ఇప్పుడు మీరు వాక్యాలు రాయండి. "నల్లవాళ్లను సమాజం తక్కువగా చూస్తుంది" అని రాస్తే, దానికి ఒప్పుకున్నవాడికి వివక్ష ఉందని తెలుసు, అంతే. దానికి మార్కు వేస్తే నిజం చెప్పినందుకు శిక్ష వేసినట్టే. "నేను విలువైన మనిషిని" అన్నది ఆత్మగౌరవానికి సంబంధించిన వాక్యం. దానికి సామాజిక శాస్త్రవేత్త మోరిస్ రోజెన్‌బర్గ్ 1965లోనే పది వాక్యాల కొలమానం ఇచ్చాడు. "మావాళ్లు వెనకబడింది బద్ధకం వల్లే" అన్నది మాత్రం మనకు కావాల్సిన వాక్యం.

జుట్టు సంగతి మరీ జాగ్రత్త. నల్లజాతివారి కోసం 2011లో వచ్చిన ఒక కొలమానంలో పుట్టుకతో వచ్చిన ఉంగరాల జుట్టును మార్చుకోవడం కూడా ఒక భాగం. అయితే "జుట్టు స్ట్రెయిట్ చేయించుకుంటాను" అని అడిగి వదిలేయకండి. సహజమైన జుట్టుతో వెళ్తే ఉద్యోగం ఇవ్వరన్న టెన్షన్‌తో చేయించుకునేవాళ్లున్నారు. ఆ వివక్షను ఆపడానికే కాలిఫోర్నియా 2019లో చట్టం చేసింది. అందుకే పనిని కాక నమ్మకాన్ని అడగండి: "నా పుట్టుజుట్టు అందంగా ఉండదు."

అన్నీ ఒకే వైపు వంగిన వాక్యాలైతే చదవకుండా టిక్కులు పెట్టేస్తారు. "మా జాతి చరిత్ర గర్వపడదగినది" లాంటివి కొన్ని కలపండి. పూర్తిగా ఒప్పుకుంటే 5, అసలు ఒప్పుకోకపోతే 1 అనుకుంటే, వీటికి మార్కు తిప్పి వేయాలి: 6లోంచి జవాబు తీసేయండి, 5 వస్తే 1, 2 వస్తే 4.

ఇంకొక మాట. ఈ స్కోరుతో ఏ ఒక్క మనిషి మీదా ముద్ర వేయకండి. ఆ నమ్మకాన్ని నాటింది అతను కాదు.

అభ్యాసం: ఎనిమిది వాక్యాలు రాసి, ఒక్కోదాని పక్కన "నా గురించి", "నావాళ్ల గురించి", "లోకం గురించి" అని గుర్తు పెట్టండి. మూడో రకం కొట్టేయండి. మిగిలినవి దాచుకోండి, అవన్నీ ఒకే విషయాన్ని కొలుస్తున్నాయో లేదో వచ్చే పాఠంలో లెక్కగడదాం.